1757: బొబ్బిలి కథలో దుబాసీ

ఫ్రెంచివారి చరిత్రలో 1757 ఒక చేదు సంవత్సరం. జనవరి 5న వర్సేలో దమియెన్ అనే నౌకరు పదిహేనవ లూయీ రాజును కత్తితో పొడిచాడు. గాయం పెద్దది కాదు. అయినా మార్చి 28న పారిస్ నడిబొడ్డున, జనసమూహం ఎదుట, అతణ్ణి చిత్రవధ చేసి చంపారు. అంతకు ఐదు రోజుల ముందే, మార్చి 23న, బెంగాలులోని చందర్‌నగర్‌ను ఇంగ్లీషువారు పట్టుకున్నారు. నవంబరు 5న జర్మనీలో రాస్‌బాక్ వద్ద ప్రష్యా రాజు చేతిలో ఫ్రెంచి సైన్యం చిత్తయింది. ఆ దేశపు పిల్లలు బడిలో చదువుకునే 1757 దాదాపు ఇదే. హిజ్రీ లెక్కన ఇది 1170 నుంచి 1171లోకి మారిన ఏడు. తెలుగు లెక్కన ధాత పోయి ఈశ్వర వచ్చిన ఏడు. మన తెలుగువారు మాత్రం ఈ ఏడాదిలో ఒకే ఒక్క దినాన్ని గుర్తుంచుకున్నారు. అది జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఆనాడు బొబ్బిలి కోటను కూల్చాయి.

బొబ్బిలి కథ వినని తెలుగువాడు అరుదు. ఆ కథలో వీరులెవరో అందరికీ తెలుసు. ద్రోహి ఎవరో కూడా అందరికీ తెలుసు. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజుది పగ. ఆ పగకు లంచం పుచ్చుకుని చెవి ఒగ్గినవాడు, దొర చెవిలో చాడీలు ఊదినవాడు బుస్సీ దివాను హైదర్ జంగ్. జంగం కథలోనూ, నాటకంలోనూ, చలనచిత్రంలోనూ ఈ నేరారోపణ మారలేదు. ముస్లిం పాఠకుడు దీన్ని రెండు విధాలుగా ఎదుర్కోవడం నేను చూశాను. కొందరు కథ వినడమే మానేస్తారు. మరికొందరు హైదర్ జంగ్‌ను వెనకేసుకొస్తారు, పేరు మనది గనుక. రెండూ విమర్శ కావు. హైదర్ జంగ్ నిర్దోషి అని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అతని మీద మోపిన నేరం ఎవరు మోపారు, ఏ ఆధారంతో మోపారు, ఆ మోపడంలో ఎవరు తప్పించుకున్నారు అన్నది నా ప్రశ్న.

నేను ఎస్. రాయవరం నుంచి రాస్తున్నాను. ఈ ‘ఎస్’ అనేది సర్వసిద్ధి. ఇక్కడినుంచి ఉత్తరంగా ఎలమంచిలి, కశింకోట, అనకాపల్లి దాటితే విశాఖపట్నం. దక్షిణంగా నక్కపల్లి, పాయకరావుపేట, తుని. తూర్పున సముద్రం, పడమట కొండలు. రాజమహేంద్రవరానికీ శ్రీకాకుళానికీ మధ్య నడిచే సైన్యాలకూ శిస్తు సొమ్ముకూ తీరం వెంట ఈ ఇరుకు నేలే రహదారి. గురజాడ అప్పారావు 1862లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఉద్యోగం చేసింది మాత్రం విజయనగరం సంస్థానంలో, అంటే బొబ్బిలివారి ఎదుటి పక్షంలో. బొబ్బిలి కథను ఏ ఊళ్లో వింటున్నామన్నదాన్ని బట్టి దాని రుచి మారుతుందని ఈ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముందు ఒక పేరు సంగతి. బొబ్బిలి అనే మాట ఎలా వచ్చింది? ఆ వంశంవారు చెప్పుకునే వృత్తాంతం ఇది. గోలకొండ కుతుబ్‌షాహీల తరఫున షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చిన పెద్దరాయుడు ఈ సీమను పొందాడు. కోట కట్టి దానికి తన ప్రభువు పేరు పెట్టాడు. ఫారసీలో షేర్ అంటే పులి. పెద్దపులి, పెబ్బులి, బెబ్బులి, చివరికి బొబ్బిలి. విజయనగరం పూసపాటివారి మూలపురుషుడు మాధవవర్మ కూడా ఆ షేర్ ముహమ్మద్ ఖాన్ వెంటే 1652లో ఈ సీమకు వచ్చాడంటారు. శ్రీకాకుళం జామియా మసీదు 1641లో ఆ ఖాన్ కట్టించినదే. తరజుమా వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఈ వృత్తాంతం నాకు ముచ్చట గొలుపుతుంది. తెలుగువారి పౌరుషానికి మారుపేరైన ఈ మాట ఒక ముస్లిం అధికారి పేరుకు తెలుగు అనువాదం! కథ చెప్పేవారు సభలో ఈ మాటను వందసార్లు పలుకుతారు. వినేవారిలో దాని పుట్టుక ఎరిగినవారు ఎందరు? ‘మనవాళ్లు’ ‘తురకలు’ అని రెండు గీతలుగా ఈ కథను చీల్చి చూపేవారు మొదట కథ పేరుతోనే చిక్కులో పడతారు.

ఇక ఫ్రెంచివారు ఈ నేలమీదికి ఎలా వచ్చారు? యుద్ధం చేసి గెలిచి కాదు, జీతాల బాకీ కింద వచ్చారు. నిజాం గద్దె మీద సలాబత్ జంగ్‌ను నిలబెట్టింది బుస్సీ పటాలం. ఆ పటాలానికి నెలనెలా జీతాలు ఇవ్వడానికి దర్బారులో డబ్బు లేకపోయింది. అందుకని 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం అనే నాలుగు సర్కారులను ఆ ఖర్చు కింద వారికి రాసిచ్చారు. శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ దీన్ని ఒప్పుకోలేదు. మరాఠాలను పిలిపించి మరీ ఎదిరించాడు. ముస్లిం అధికారులంతా ఫ్రెంచివారి పక్షమేనన్న అపోహ ఉన్నవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు. ఆ ఎదిరింపు నిలవలేదు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల శిస్తు వసూలును విజయరామరాజు తక్కువ మొత్తానికి ఇజారాకు తీసుకున్నాడు. అంటే బొబ్బిలి యుద్ధానికి మూడేళ్ల ముందే విజయనగరం ప్రభువు, ఫ్రెంచి కంపెనీ ఒకే లెక్కల పుస్తకంలో చేరిపోయారు.

1756లో సలాబత్ జంగ్ దివాను షానవాజ్ ఖాన్ బుస్సీని కొలువు నుంచి తీసివేయించాడు. బుస్సీ హైదరాబాదుకు వచ్చి చార్‌మహల్ తోటలో పటాలంతో కూర్చున్నాడు; వారాల తరబడి ముట్టడిని తట్టుకున్నాడు; మచిలీపట్నం వైపు నుంచి లా అనే సేనాని కొత్త బలగంతో రావడంతో గట్టెక్కాడు. ఆ కష్టకాలంలో సర్కారుల జమీందారులు శిస్తు ఆపేశారు. బుస్సీ తరఫున అక్కడ పాలన చూస్తున్న ఇబ్రాహీం ఖాన్ కూడా పక్క చూపులు చూశాడు. తరువాత బుస్సీ వస్తున్నాడని తెలిసి బేరారు వైపు తప్పుకున్నాడు. (ఫ్రెంచి కవాతు నేర్చిన సిపాయిలను ఆ రోజుల్లో గార్దీలు అనేవారు. ఈ మాట ఫ్రెంచివారి ‘గార్ద్’ నుంచి వచ్చిందంటారు. మన భాషలకు ఆ జాతి మిగిల్చిన కొద్ది మాటల్లో ఇదొకటి.) బుస్సీ 1756 నవంబరులో హైదరాబాదు నుంచి బయలుదేరి డిసెంబరులో రాజమహేంద్రవరం చేరాడు. వచ్చిన పని బాకీల వసూలు. వసూలుకు వచ్చిన దొరకు ఎదురేగి, సైన్యంతో సహా కలిసినవాడు విజయరామరాజు. కలవనివాడు బొబ్బిలి రంగారావు.

ఇదీ నేపథ్యం. ఇక కథ ఎవరు చెప్పారన్న విచారణ. మదరసాలో హదీసు చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఏమి చెప్పాడన్నది తరువాతి మాట. ఎవరు చెప్పారు, ఎవరినుంచి విన్నారు, చెప్పినవాడి నడత ఎలాంటిది, అతనికి అందులో లాభమేమిటి అన్నది ముందు చూస్తాం. ఇస్నాద్ అన్నా, జర్హ్-తాదీల్ అన్నా ఇదే. దీన్ని ధర్మగ్రంథాలకే అట్టిపెట్టి, చరిత్ర చదివేటప్పుడు మడిచి అటకమీద పెట్టేస్తాం. అది తగదు.

మొదటి సాక్షి జంగం కథ. పెద్దాడ మల్లేశం పేరున ప్రచారంలో ఉన్నది. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి పండితుడు దాన్ని పరిష్కరించి ప్రకటించడానికి పూనుకున్నాడంటేనే దాని విలువ తెలుస్తుంది. రెండవది దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్ర’. మూడవది ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన వృత్తాంతం. 1757లో ఆయన మద్రాసులో కంపెనీ కొలువులో ఉన్నాడు, బొబ్బిలిలో కాదు. అంటే విన్నది రాశాడు. నాలుగవ సాక్షిని తెలుగువారు సాధారణంగా పిలవరు. ఆయన సంగతి కాస్త ఆగి చెబుతాను.

మొదటి రెండింటి అభిమానం దాచుకున్నది కాదు. బొబ్బిలివారి వైపు నిలిచి చెప్పే కథలవి. అంతమాత్రాన తోసివేయలేం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో ప్రకటించిన గ్రంథంలో ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టారు: దక్షిణ దేశంలో చరిత్ర రచన ఏ కాలంలో ఏ సాహిత్య ప్రక్రియ ప్రబలంగా ఉందో ఆ రూపంలోనే సాగింది; పాట అయినంత మాత్రాన అది కట్టుకథ కాదు. ఈ మాట నాకు నచ్చింది. అయితే పాటకు ఒక అవసరం ఉంటుంది. రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టాలి. శిస్తు బాకీని, ఇజారా ఒప్పందాన్ని పాడితే ఎవరు కూర్చుంటారు? పగ, చాడీ, లంచం అయితే కూర్చుంటారు. సైన్యాల అంకెలు పెంచి చెప్పే చరిత్రకారులను ఇబ్ను ఖల్దూన్ ఎప్పుడో ఎత్తిపొడిచాడు. ఈ జంగాన్ని వింటే ఆయన అంకెల దగ్గరే కాక చాడీల దగ్గర కూడా ఆగి ప్రశ్నించేవాడేమో.

ఆర్మ్‌కు పాటగాడి అవసరం లేదు. అయినా ఆయన కూడా విజయరామరాజు హైదర్ జంగ్ ద్వారానే పని సాధించుకున్నాడన్న వైపే మొగ్గుతాడు. ఆయన చెప్పిన క్రమం ఇది. కోట వదులుకుంటే దానికి దీటైన భూమి మరోచోట ఇస్తానని బుస్సీ రంగారావుకు కబురు చేశాడు, రంగారావు ఒప్పుకోలేదు. ఇంతలో బొబ్బిలి అడవుల గుండా పోతున్న సిపాయిల దళం మీద దాడి జరిగింది. అది చేయించినది విజయరామరాజేనని ఆర్మ్ అభిప్రాయం. దానితో బుస్సీకి కోపం వచ్చి కోటమీదికి నడిచాడు. తెల్లవారుజామున మొదలైన పోరు మధ్యాహ్నం దాటినా తెగలేదు. ఆశ వదులుకున్న లోపలివారు తమ ఆడవారినీ పిల్లలనూ తామే చంపి, తిరిగి బురుజులెక్కి చచ్చేదాకా పోరాడారు. కోటలో అడుగుపెట్టినవారికి ఎదురైనవాడు ఒక ముసలివాడు; చేత రంగారావు కొడుకు. బుస్సీ ఆ బాలుడికి, తండ్రికి ఇవ్వజూపిన సీమను ఇచ్చాడు. మూడు రాత్రులు గడిచాక బొబ్బిలి బంట్లు విజయరామరాజు గుడారంలో దూరి ముప్పై రెండు పోట్లు పొడిచి చంపారు. ఈ చివరి ఘట్టమే కథలో తాండ్ర పాపయ్యది.

ఆర్మ్ చెప్పిన ఈ క్రమాన్ని నెమ్మదిగా తిరిగి చదవండి. ఇందులో బుస్సీ చేసిన ప్రతి పనికీ ఒక సాకు సిద్ధంగా ఉంది. పగ విజయరామరాజుది. చాడీ హైదర్ జంగ్‌ది. మొండితనం రంగారావుది. మరి ఫిరంగి ఎవరిది? కోట ముందు ఫిరంగి నిలబెట్టినవాడు కథ ముగిసేసరికి అనాథ బాలుణ్ణి చేరదీసిన దయాళువుగా మిగులుతాడు. తెలుగు కథ కూడా ఈ విషయంలో ఆర్మ్‌కు భిన్నంగా లేదు. దొర మంచివాడే, పక్కనున్నవాడే చెడ్డవాడు. మన జమీందారీ కథల్లో, మునసబు కథల్లో, నిన్నమొన్నటి కలెక్టరు కథల్లో కూడా ఇదే బాణీ. నా ఫిర్యాదంతా ఇక్కడే. దుబాసీ మీద నేరం మోపడం తేలిక. అతను రెండు వైపులా మాట్లాడతాడు గనుక రెండు వైపులా పరాయివాడు. అతను చెప్పిన మాట ఒకరికి అర్థం కాదు, విన్న మాట ఇంకొకరికి అర్థం కాదు. మధ్యలో తేడా వస్తే తేడా చేసింది అతనేనని ఇద్దరూ నమ్ముతారు. అనువాదకుడిగా ఈ సంగతి నాకు బాగా తెలుసు. కాని వసూలుకు పటాలంతో బయలుదేరినవాడు, ఒక జమీందారు కోటకు బదులు వేరే సీమ పుచ్చుకొమ్మన్నవాడు ఎవరి చాడీ లేకుండానే ఆ నిర్ణయం తీసుకోగలడు. ఫ్రెంచివారికి ఆ ఏడాది కావలసింది సొమ్ము, శాంతంగా ఉన్న శిస్తు సీమ. బొబ్బిలి, విజయనగరాల నడుమ తగవు ఉన్నంతకాలం అది దొరకదు. తగవు పడ్డ ఇద్దరిలో ఇజారాదారును ఉంచి రెండోవాణ్ణి కదపడం వర్తకుడి లెక్క. ఈ లెక్క చూడటానికి బుస్సీకి దుబాసీ అక్కరలేదు.

హైదర్ జంగ్ అసలు పేరు అబ్దుర్రహ్మాన్. తండ్రి మచిలీపట్నంలో అధికారి. ఫ్రెంచివారి పరిచయంతో ఆ కుటుంబం పుదుచ్చేరి చేరింది. కుర్రవాడు ఫ్రెంచి నేర్చాడు. బుస్సీతో దక్కనుకు వచ్చి, దర్బారులో ఆయన నోరూ చెవీ తానే అయి, బిరుదులూ ఐశ్వర్యమూ గడించాడు. సత్పురుషుడని ఎవరూ రాయలేదు. నేనూ రాయను.

ఇప్పుడు నాలుగవ సాక్షి. హైదర్ జంగ్ మీద అన్నిటికన్నా బరువైన ఆరోపణ జంగం కథలో లేదు, ఆర్మ్ పుస్తకంలో లేదు. అది ఫారసీలో ఉంది. రాసినవాడు మౌలానా గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ. ఖుల్దాబాదులో నిద్రిస్తున్న మహాకవి, అరబ్బీలో ‘సుబ్హతుల్ మర్జాన్’ రాసిన పండితుడు. ఆయన ఆప్తమిత్రుడు షానవాజ్ ఖాన్. దివాను పదవి ఆయనకు ఒక పార్శ్వం మాత్రమే. మొగలు ప్రభువుల జీవితాలను సేకరించిన ‘మఆసిరుల్ ఉమరా’ అనే మహాగ్రంథానికి కర్త ఆయనే. 1757లో, జీతాలు అందని సైనికుల తిరుగుబాటులో, దివాను పదవి పోయి దౌలతాబాదు కోటలో తలదాచుకున్నాడు. ఇంతలో ఇటు బుస్సీ జూన్ చివరివారంలో విశాఖపట్నం ఇంగ్లీషు కోటను లొంగదీసుకున్నాడు. అంతకు ఒకటి రెండు రోజుల ముందే, జూన్ 23న, ప్లాసీలో క్లైవు గెలిచాడు. ఒకే వారంలో తెలుగు తీరం ఫ్రెంచివారిది, బెంగాలు ఇంగ్లీషువారిది అయ్యాయి. ఏది ఎక్కువకాలం నిలిచిందో చెప్పనక్కరలేదు.

ఔరంగాబాదు గొడవలు విని బుస్సీ అటు తరలివెళ్లాడు, వెంట హైదర్ జంగ్. షానవాజ్ ఖాన్‌ను నమ్మించి కోటలోంచి బయటికి రప్పించి బంధించినవాడు హైదర్ జంగేనని ఆజాద్ రాశాడు. 1758 మే నెలలో, హిజ్రీ 1171 రంజాన్ మూడవనాడు, నిజాం అలీ ఖాన్ మనుషులు హైదర్ జంగ్‌ను పొడిచి చంపారు. ఆ కల్లోలంలో, అదే రోజున, ఫ్రెంచి కొలువులోని జమేదారు ఒకడు ఖైదులో ఉన్న షానవాజ్ ఖాన్‌నూ ఆయన కొడుకునూ చంపాడు. ఇల్లు దోపిడీ అయింది. గ్రంథం కాగితాలు చెల్లాచెదురయ్యాయి. ఆజాద్ వాటిని ఎంతో వెతికి పోగుచేసి, మిత్రుడి జీవితకథ ముందు చేర్చి నిలబెట్టాడు. మిగిలిన పని కొడుకు అబ్దుల్ హయ్ 1780లో పూర్తిచేశాడు.

ఈ నాలుగవ సాక్ష్యం వల్ల తేలేది ఏమిటి? హైదర్ జంగ్‌ను తెలుగు జంగం ఒక్కడే దోషి అనలేదు. దక్కనులోని ముస్లిం పండితుడు అంతకన్నా కటువుగా అన్నాడు. అతని చేత చెడిపోయినవారిలో బొబ్బిలి వెలమలు ఉన్నారు, ఔరంగాబాదు సయ్యదులూ ఉన్నారు. కాబట్టి అతణ్ణి ఒక మతానికి ప్రతినిధిగా వేదిక ఎక్కించినవారిదీ, ఆ ప్రతినిధిని కాపాడబోయిన మనవారిదీ ఒకే పొరపాటు. అతను ఫ్రెంచి కంపెనీ మనిషి. అతని జమాఖర్చు ఆ ఖాతాలో వేయవలసిందే. మరొక సూక్ష్మం. ఆజాద్ సాక్ష్యంలో కూడా ఇస్నాద్ దృష్టితో చూస్తే లోపం ఉంది: హతుడికి ఆయన మిత్రుడు. ఆయన కలం కూడా దివాను మీద ఆగినంతసేపు, ఆ దివానును వెనకనుంచి నడిపిన దొర మీద ఆగదు. మూడు భాషల సాక్షులు, మూడు వేర్వేరు దుఃఖాలు, ఒకే ముద్దాయి. మామూలుగా ఇంత ఏకాభిప్రాయం ఉంటే రుజువైనట్టే అంటాం. నాకు మాత్రం ఇక్కడే అనుమానం బలపడుతుంది. రుజువైనది అతని చెడుతనం. బొబ్బిలి నిర్ణయం అతనిదేనన్నది కాదు.

నాటకాల సంగతి త్వరగా ముగిస్తాను. వేదం వేంకటరాయశాస్త్రి బొబ్బిలి యుద్ధం మీద నాటకం రాశారు. పాత్రోచిత భాష అన్న సిద్ధాంతం కూడా ఆయనదే. ‘ప్రతాపరుద్రీయం’లో తురక పాత్రలకు ఉర్దూ కలిసిన వంకర తెలుగు పెట్టారు. శాస్త్రిగారి ప్రతిభను కాదనను. కాని ఆ తరువాతి రంగస్థలం ఆ వంకర తెలుగును ముస్లిం పాత్రకు శాశ్వత వేషంగా తగిలించింది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ చిత్రాలు కథను చదువురానివారి ఇంటికి కూడా చేర్చాయి. బహుభాషలు నేర్చి దర్బారులను ఆడించిన మనిషిని ముక్కలు ముక్కలుగా మాట్లాడించడం చారిత్రకంగా హాస్యాస్పదం. ఈ తీరంలో తరతరాలుగా తెలుగే మాట్లాడుతూ బతికే ముస్లిముల పిల్లలు హాలులో కూర్చుని ఆ యాసకు నవ్వే నవ్వులు వింటారు. అది హాస్యం కాదు. పాత కథకుడు హైదర్ జంగ్‌ను తిట్టాడు గాని వెక్కిరించలేదు. ఈ తేడా పెద్దది.

బుస్సీ లేఖల సంగతి తెలుసుకోవాలంటే ఆల్ఫ్రెడ్ మార్టినో 1935లో పారిస్‌లో ప్రకటించిన గ్రంథం ఉంది. అది ఫ్రెంచి రాని మనకు అందదు. ‘మఆసిరుల్ ఉమరా’ను కలకత్తాలో ఫారసీ మూలంతో అచ్చువేశారు, బెవరిజ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. తెలుగులో బొబ్బిలి యుద్ధం గురించి ఇంత సాహిత్యం పెరిగినప్పుడు, ఆజాద్ రాసిన ఆ జీవితకథ ఒక్కటైనా మూలం నుంచి నేరుగా తెలుగులోకి రావలసింది. పొడవైనదేమీ కాదు. ఫారసీ, తెలుగు రెండూ ఎరిగినవారు మన సంస్థల్లో ఇంకా ఉన్నారు.

అందులో పదాల చిక్కు ఒకటి ముందుగా పరిష్కరించుకోవాలి. ఫారసీ గ్రంథకర్తలు ఫ్రెంచివారిని ‘ఫరాసీస్’ అంటారు. తెలుగు కథకులు ‘పరాసులు’ అంటారు. ఒకటే మాట, ఒకే దారిన వచ్చింది. హైదరాబాదులో ఫ్రెంచివారి ‘మొస్యే’ అన్న మర్యాద పదం ‘మూసా’ అయింది. 1798లో చనిపోయిన రేమో దొర ముస్లిముల నోట మూసా రహీం, హిందువుల నోట మూసా రాం అయ్యాడు. అనువాదకుడు ‘ఫ్రెంచివారు’ అని బడి పుస్తకపు మాట వేయకుండా ‘పరాసులు’ అనే ఉంచాలని నా సలహా. అప్పుడు ఆజాద్ వాక్యం చదివే తెలుగు పాఠకుడికి జంగం కథలోని వారే వీరని ప్రత్యేకంగా చెప్పనక్కరలేకపోతుంది. ‘దివాన్’, ‘జమేదార్’, ‘ఫౌజ్‌దార్’ ఎలాగూ మార్చనక్కరలేదు. రంజాన్ మూడవనాటి ఘట్టంలో ‘తర్జుమాన్’ అన్న మాట వస్తే దాన్ని ‘దుబాసీ’ అనాలా, ‘అనువాదకుడు’ అనాలా అన్నది ఆ పని చేపట్టినవారే తేల్చుకోవాలి. నేనైతే ‘దుబాసీ’నే వాడతాను.